లేమియు ఆటయు

మనుష్యుని ఆలోచింపజేయునది ఏది? ఈ ప్రశ్నకు మన పెద్దలు సామాన్యముగా చెప్పెడి సమాధానము ఒక్కటియే: అవసరము. ఆకలిగొన్నవాడు అన్నము సంపాదించు ఉపాయమును వెదకును. దప్పిగొన్నవాడు నూయి త్రవ్వును. ఈ సమాధానమున సత్యము లేకపోలేదు. మా చుండూరు పొలములకు నీరు దెచ్చు కాలువలే అందుకు సాక్ష్యము. 1832-33 సంవత్సరములలో గుంటూరు సీమను నాశనమొనర్చిన కఱవున లక్షకు పైగా జనులు మడిసిరి. అట్టి కఱవులను జూచిన పిమ్మటనే గదా కృష్ణానదికి విజయవాడయొద్ద ఆనకట్ట కట్టవలయునను యోచన బలపడినది! 1855 నాటికి ఆ ఆనకట్ట పూర్తియయ్యెను. డెల్టా పచ్చబడెను. లేమియే యోచనకు తల్లి యనుటకు ఇంతకంటె ఏమి కావలయును?

అయినను ఈ సమాధానము నాకెన్నడును సంపూర్ణముగా తోచలేదు. లేమియే ఆలోచనను పుట్టించునదైనచో, మిక్కిలి పేదవాడే మిక్కిలి యోచనాపరుడు కావలయును. లోకమున అట్లు కనుపించుట లేదు. మఱియు కష్టకాలమున జనులు ఆటపాటలను ముందుగా మానుకొనవలయును. అదియును జరుగుట లేదు. ఈ రెండు విషయములకును ఏదో సంబంధమున్నదని నాకు చిరకాలముగా తోచుచున్నది. లెక్కల ఉపాధ్యాయుడనగుటచేత దానిని అంచెలంచెలుగా పరిశీలింప యత్నించెదను. చదువరులు నాతోగూడ నడువ ప్రార్థన.

మొదటి విషయము. అమెరికా దేశపు తత్త్వవేత్త జాన్ డ్యూయీ 1910లో ఆలోచనా విధానమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. దారి రెండుగా చీలినచోట బాటసారి నిలిచి చూచునట్లు, సందిగ్ధము కలిగినప్పుడే మనస్సు నిజముగా ఆలోచించునని ఆయన అభిప్రాయము. అనగా చిక్కు ఉండవలయును. కాని ఆ చిక్కు ఎంతటిది? తమిళనాడునందలి 54 గ్రామములలో 464 మంది చెఱకు రైతులను కొందరు పండితులు పరీక్షించి, ఆ ఫలితములను 2013లో ప్రకటించిరి. ఆ రైతులకే పంటకు ముందు, చేతిలో రూక లేనప్పుడు ఒకమారును, పంట సొమ్ము చేతికందిన తరువాత ఒకమారును బుద్ధిపరీక్షలు పెట్టిరి. మనుష్యులు వారే, తలలు అవే. అయినను పంటకు ముందు వారు చూపిన నేర్పు పంట తరువాత చూపిన నేర్పుకంటె తక్కువయ్యెను. అప్పును గూర్చియు రేపటి గింజలను గూర్చియు కలిగిన చింత మనస్సునంతటిని ఆక్రమించి, మఱియొక ఆలోచనకు తావులేకుండ చేయునని వారు నిర్ధారణ చేసిరి. కాగా కొంచెపు లేమి బుద్ధిని పదునుపెట్టును. మితిమీఱిన లేమి దానిని మొద్దుబార్చును. చేదతాడు బిగియవలయును గాని తెగరాదు.

ఈ మాటను నేను పుస్తకమున చదువుటకు పూర్వమే కన్నులార చూచియుంటిని. 1977 నవంబరు 19వ తేదీనాటి తుపాను మన తీరమును ఎట్లు ఊడ్చివైచెనో పెద్దలెఱుగుదురు. అప్పుడు నేను బాలుడను. సముద్రపు ఉప్పెన మా ఊరివరకు రాలేదు గాని, గాలివానకు కోతకు వచ్చిన వరిచేలు నేలకొరిగి నీట మునిగెను. మా తండ్రిగారు కౌలురైతు. పంట పోయెను, కౌలు మాత్రము మిగిలెను. ఆయన కొన్నినాళ్లు అరుగుమీద కూర్చుండి ఎవరితోను మాటాడలేదు. మా అమ్మ పిలిచినను పలుకలేదు. అది ఆలోచన యని మేము భ్రమపడితిమి. నేడు తలచి చూడగా అది ఆలోచన కాదు. ఎడ్లు లేని గానుగవలె ఆయన మనస్సు నిలిచిపోయియుండెను.

ఒక సాయంకాలము పొరుగింటి వృద్ధుడొకడు వచ్చి, ఏమియు ఓదార్చక, అరుగుమీద బొగ్గుతో గీతలు గీచి, చింతపిక్కలను మేకలుగాను గులకరాళ్లను పులులుగాను పెట్టి, "రావోయి, ఎత్తు వేయుము" అనెను. మా తండ్రిగారు చాలసేపు ఊరకుండి తుదకు ఒక పిక్కను జరిపెను. రెండవనాడు కూడ ఆడిరి. మూడవనాడు ఆట నడుమ ఆయన తల యెత్తి, "నీరు దిగిన చేలలో మినుములు చల్లుదమనిన విత్తనము ఎచ్చట దొరకును?" అని అడిగెను. ఆ తుపాను పిమ్మట ఆయన నోట మేము విన్న మొదటి ప్రశ్న అది. పులిమేకల ఆట మా అప్పు తీర్చెనని నేను చెప్పను. ఆ అప్పు తీరుటకు మూడేండ్లు పట్టెను. కాని స్తంభించిన మనస్సు మరల ప్రశ్న వేయ నేర్చుటకు ఆ బొగ్గు గీతలు తోడ్పడెనని మాత్రము నా నమ్మకము.

ఇట్టి కథ మిక్కిలి ప్రాచీనమైనది. గ్రీకు చరిత్రకారుడగు హెరొడోటసు తన గ్రంథమున లిడియా దేశపు కఱవును వర్ణించెను. ఆ దేశస్థులు పాచికలను, బంతియాటను కనిపెట్టి, ఒకనాడు ఆకలి తోచకుండ దినమంతయు ఆడుచు, మఱునాడు ఆట మాని భుజించుచు, అట్లు 18 సంవత్సరములు గడిపిరని ఆయన వ్రాసెను. ఇది చరిత్రయో కట్టుకథయో యెట్లున్నను దాని ముగింపును మఱువరాదు. పదునెనిమిది ఏండ్లకును కఱవు తీరలేదు. తుదకు చీట్లు వేసికొని జనులలో సగముమంది దేశము విడిచి ఓడలెక్కిరి. ఆట వారికి కాలమునిచ్చెను, గింజలనీయలేదు. ఆటయొక్క శక్తియు దాని హద్దును ఈ కథలో రెండును కలవు.

దూరదేశము మాట యటుంచి మన తెనాలిని చూతము. 1929లో అమెరికాయందు ఆరంభమైన ఆర్థికమాంద్యము శీఘ్రముగనే మన డెల్టాను తాకెను. ధాన్యము ధర దాదాపు సగమునకు పడిపోయెను. శిస్తు మాత్రము తగ్గలేదు. మన పొరుగున నున్న నిడుబ్రోలు వాస్తవ్యులగు ఆచార్య ఎన్. జి. రంగాగారు రైతుల పక్షమున ఉద్యమము నడపినది ఆ దినములలోనే. అట్టి కాలమున తెనాలి నాటకములు ఆగిపోయెనా? లేదు. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు తెనాలి శ్రీరామవిలాస సభవారి నాటకములలో స్త్రీపాత్రలు ధరించి ఆంధ్రదేశమంతట ప్రఖ్యాతులైరి. ఆయన సత్యభామను చూచుటకు జనులు బండ్లు కట్టుకొని పోయెడివారని మా తాతగారు చెప్పుచుండిరి. ఆ మాంద్యము నడుమనే, 1932లో, హెచ్. ఎం. రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద' తెలుగున మొదటి మాటలాడు చిత్రముగా వెలువడెను. ఆ మాంద్యమునందే అమెరికాలో 1935 నుండి 'మోనోపలీ' యను బల్లయాటను ఒక సంస్థ అమ్మ నారంభింపగా అది విరివిగా అమ్ముడుపోయెను. నిజమైన ఇండ్లు కోల్పోయిన దేశమున జనులు కాగితపు రూకలతో కాగితపు వీథులు కొనిరి!

మా తాతగారిని నేనొకమారు, "చేతిలో డబ్బులేని దినములలో నాటకమునకు ఎట్లు పోతిరి?" అని అడిగితిని. "ఎద్దును కొనలేము, ఇల్లు కప్పలేము, నేల టిక్కెట్టు కొనగలము గదా!" అని ఆయన నవ్విరి. అర్థశాస్త్రజ్ఞులు పెక్కు పుటలలో వ్రాయునది ఇదియే. కష్టకాలమున మనుష్యుడు పెద్దకోరికలను వాయిదా వేయును, చిన్నవానిని విడువడు. పెద్దవి పోయినకొలది చిన్నవి మఱింత విలువ గాంచును.

ఇక మన కాలమునకు వత్తము. నేడు నేల టిక్కెట్టు స్థానమును వీడియో గేములు ఆక్రమించినవి. ఈ వ్యాపారమునకు మాంద్యము తగులదని కొందరందురు. లెక్కలు చూడుడు. 2008లో అమెరికాలో బ్యాంకులు కూలి, లక్షలాది జనులు ఉద్యోగములు కోల్పోయిరి. ఆ యేడు ఆ దేశమున వీడియో గేముల అమ్మకము తగ్గుటకు మారుగా నూటికి సుమారు 19 వంతులు పెరిగి 2,100 కోట్ల డాలర్లను దాటెను. తగులదనువారు ఇంతవఱకే చెప్పి ఆగుదురు. మఱుసటి యేడు, 2009లో, ఆ అమ్మకము నూటికి 8 వంతులు తగ్గెను. కాబట్టి మాంద్యము తగిలినది, ఆలస్యముగా తగిలినది. 2020లో మహమ్మారి మూలమున జనులు ఇండ్లలో బందీలైనప్పుడు అమ్మకములు మరల పెరిగెను. తలుపులు తెఱచుకొనిన పిదప 2022లో కొంత తగ్గెను.

అంతకంటె విచిత్రమైనది 1983 నాటి కథ. అమెరికాలో అంతకు ముందటి మాంద్యము 1982 చివరనే ముగిసెను. దేశము కోలుకొనుచుండగా వీడియో గేముల వ్యాపారము కూలి, 1985 నాటికి నూటికి తొంబది వంతులకు మించి నశించెను. కారణమేమి? నాసిరకపు ఆటలు అంగళ్లలో గుట్టలు పడుటయే. చెడుకాలమున మంచియాట నిలిచెను. మంచికాలమున చెడ్డయాట కూలెను.

ఇందు పొదుపు లెక్కయు కొంత కలదు. ఉదాహరణమునకు, 150 రూపాయల టిక్కెట్టుతో మూడుగంటల సినిమా చూచినచో గంటకు 50 రూపాయలగును. 3,000 రూపాయల ఆటను నూఱు గంటలు ఆడినవానికి గంటకు 30 రూపాయలే. కాని లెక్క ఒక్కటియే కారణము కాదు. ఆటలో ప్రయత్నమునకు వెంటనే ఫలమున్నది. ఓడినవాడు మరల మొదలుపెట్టవచ్చును. బయటి లోకమున ఆరునెలలు శ్రమించిన పంట ఒక రాత్రిలో పోవును. నూఱు దరఖాస్తులకు ఒక ప్రత్యుత్తరమైనను రాదు. తన చేయి కదలిన ఏదో ఒకటి కదలునను నమ్మకము మనుష్యునకు అన్నమువంటిది. బయట అది దొరకనివాడు ఆటలో వెదకుకొనును.

ఇప్పుడు ఈ వ్యాసమునకు నన్ను పురికొల్పిన సంగతి చెప్పెదను. కౌలుకు సేద్యము చేయు ఒక తండ్రి, ఒకప్పుడు నాకు శిష్యుడు, ఇటీవల తన కుమారుని రెక్క పట్టుకొని మా యింటికి వచ్చెను. "మాస్టారూ, ఇంటిలో కౌలు కట్ట డబ్బులేదు. వీడు చూచిన రేయింబవళ్లు ఫోనులో ఆటలే. పగులగొట్టుదునా, మీరే చెప్పుడు" అనెను. బాలుడు తల వంచుకొని నిలిచెను. నేను వానిని కూర్చుండబెట్టి, "ఏమి ఆడుచుంటివో నాకును చూపుము, నాయనా" అంటిని.

వాడు రెండు ఆటలు చూపెను. మొదటిది పైనుండి దిగు పలకలను సందు లేకుండ పేర్చునది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ కల్పించిన 'టెట్రిస్' ఆటకు అది మనుమరాలు. దానిని చూపునప్పుడు వాని కన్నులు వెలిగెను. "ఈ పలకను ఇటు త్రిప్పిన ముందు వరుస నిండును, కాని తరువాతిదానికి చోటుండదు" అని నాకు బోధించెను. రెండవది డబ్బు ఒడ్డి ఆడు పేకాట. దానిని గూర్చి అడుగగా వాడు ఎత్తులను చెప్పలేదు. పోయిన మొత్తమును చెప్పెను. "ఈసారి వచ్చినచో నాన్న కౌలు కట్టవచ్చునని ఆడితిని" అనెను. తండ్రి ముఖము ఆ క్షణమున నేను చూడలేకపోతిని.

నేను తండ్రితో ఇట్లంటిని: "నాయనా, ఫోను పగులగొట్టవలదు. మొదటిది ఆట, రెండవది జూదము. ఆట ముగిసినప్పుడు మనస్సు తేలికపడి మఱియొక పనికి లేచును. జూదము ముగియదు, పోయినదానిని రాబట్టుటకే మనస్సును కట్టివేయును. అప్పు చింత ఏమి చేయునో అదియు అదే చేయును. ఇంటిలో ఉన్న లేమికి అది మఱియొక లేమిని చేర్చును. రెండవదానిని నేడే తీసివేయుడు. మొదటిదానికి వేళ పెట్టుడు. మఱియు కౌలు సంగతి వానికి దాచక చెప్పుడు. వాడు దానిని గూర్చి ఒంటరిగా ఆలోచించుచున్నాడు." తండ్రి చాలసేపటికి, "వీనికి తెలిసినదని నాకు తెలియదు, మాస్టారూ" అనెను. వారిరువురును కలిసి నడచిపోయిరి. వారి కౌలు ఇంకను బాకీయున్నది. బాలుడు ఇప్పుడు సాయంకాలములందు తండ్రి లెక్కల పుస్తకమును వ్రాయుచున్నాడు.

ఈ భేదమును ప్రభుత్వములును గుర్తించినవి. ఆంధ్రప్రదేశమున 2020లోనే డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించిరి. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు దేశమంతటికిని అట్టి శాసనము చేసినది. శాసనము మంచిదే, కాని అరచేతిలో పట్టు ఫోనుకు ఇంటివారి కన్నే మొదటి కాపలా.

విద్యార్థులారా! మీరు ఆడుకొనుడు. ఆడుకొనని మనస్సు ఎండిన చేనువంటిది. కాని ఆట ముగిసినప్పుడు మిమ్ము మీరే ఒక ప్రశ్న వేసికొనుడు: "ఇప్పుడు నాకు పుస్తకము తెఱువబుద్ధి యగుచున్నదా, లేక ఇంకొక ఆట మాత్రమే తోచుచున్నదా?" సమాధానము మీకే తెలియును. తల్లిదండ్రులారా! కష్టకాలమున బిడ్డ చేతిలోని ఆటను చూచి కోపింపకముందు, వానిప్రక్క కూర్చుండి అది ఎట్టి ఆటయో చూపుమని అడుగుడు. ఇంటిలోని లేమిని మీరు దాచితిమనుకొందురు. వారు దానిని ఎఱుగుదురు. వారితో పంచుకొనిన లేమి ఇరువురను ఆలోచింపజేయును. దాచిన లేమి వారిని ఒంటరిగా ఆ జూదపు ముంగిటికి పంపును.