గాడిలోని సందు

గత వేసవిలో మా పెద్దబ్బాయి ఆహ్వానం మీద డాలస్ సమీపంలోని అతని గృహంలో రెండు మాసాలు గడిపాను. ఆలయంలో నిత్యార్చన మా తమ్ముడికి అప్పగించి వెళ్ళాను. ముప్పై ఏళ్లుగా బ్రాహ్మీ ముహూర్తాన గర్భాలయ ద్వారం తెరిచిన చేతులకు అక్కడ పని లేకపోయింది. అది గమనించాడు కాబోలు, ఒక ఉదయం మావాడు "నాన్నగారూ, పూజామందిరానికి ముందుచట్రం చేద్దామనుకుంటున్నాను, మీరూ రండి" అని గ్యారేజీలోకి తీసుకువెళ్ళాడు.

అక్కడ టేబుల్ సా అనే యంత్రం ఉంది. ఇనుప బల్ల నడుమనుండి రంపపు చక్రం పైకి లేచి తిరుగుతుంది. ఆ చక్రానికి సమాంతరంగా బల్ల మీద ముప్పాతిక అంగుళం వెడల్పున ఒక గాడి ఉంటుంది. గాడిలో జారే ఉక్కు పట్టీ, దాని మీద కావలసిన కోణానికి తిప్పుకొనే అర్ధచంద్రాకారపు తల, ఈ రెండూ కలిసినది మైటర్ గేజ్. చెక్కను దానికి ఆనించి ముందుకు తోస్తే ఆ కోణంలోనే కోత పడుతుంది. కోసేది చక్రమే అయినా, ఋజుత్వం గాడిది, పట్టీది.

మావాడు వెంటనే పని ఆరంభించలేదు. ముందు ప్లగ్గు ఊడదీసి, గేజ్ తలను రెండు వేళ్లతో పట్టుకొని అటూ ఇటూ కదిపాడు. టక్కుమని సన్నని చప్పుడు. "గాడిలో పట్టీ వదులుగా ఉంది నాన్నగారూ. ఇది సరిచేయనిదే కోయకూడదు" అన్నాడు.

నా కంటికి ఆ కదలిక ఆనలేదు. "వెంట్రుకవాసి కదరా, ఎవరు చూస్తారు?" అన్నాను.

"నాలుగు మూలలకు ఎనిమిది కోతలు. ఒక్కొక్క కోత డిగ్రీలో నాలుగోవంతు ఒకే పక్కకు తప్పినా, చివరి మూలకు వచ్చేసరికి రెండు డిగ్రీలు పోగవుతాయి. మన పలక మూడంగుళాల వెడల్పు. ఆ అతుకు దగ్గర నాలుగు మిల్లీమీటర్ల సందు నోరు తెరుస్తుంది. పైగా కోత మొదలయ్యేటప్పుడు పట్టీలో చాలా భాగం బల్ల బయటే ఉంటుంది గనుక అప్పుడు ఊగు మరీ ఎక్కువ."

నేను పట్టు విడువలేదు. "అయితే పట్టీని ఎప్పుడూ ఒకే పక్కకు ఒత్తిపట్టి తోస్తే సరిపోదా?"

"సరిపోతుంది, ఎనిమిదిసార్లూ గుర్తుంటే. చేయి ఏమరినప్పుడు కూడా కోత సరిగా పడాలంటే గాడే పట్టుకోవాలి కదండీ" అన్నాడు నవ్వుతూ.

ఆ మాట అతడు యంత్రం గురించే అన్నాడు. నాకు మాత్రం అది వేరొకచోట తగిలింది.

ఆ సంవత్సరం మహాశివరాత్రినాడు ఆలయం భక్తజనంతో క్రిక్కిరిసి ఉంది. మూడవ యామపు అభిషేకం. నేను రుద్రం చెబుతున్నాను. పక్కన పాఠశాల విద్యార్థి, పన్నెండేళ్ల బాలుడు, కలశం అందిస్తున్నాడు. ఒక అనువాకం ముగియగానే అతడు వంగి, నాకు మాత్రమే వినబడేటట్లు, "గురువుగారూ, అక్కడ స్వరితం కదండీ, మీరు అనుదాత్తం పలికారు" అన్నాడు. నేను కళ్లెర్రజేసి, "నాకే చెప్పేంతవాడివయ్యావా?" అన్నాను. బాలుని ముఖం చిన్నబోయింది. తరువాత తెల్లవారేదాకా అతడు నోరు విప్పలేదు. స్వరం తప్పిన ఒక్క 'ఇంద్రశత్రు' శబ్దం వల్ల త్వష్ట సంకల్పం తలక్రిందులైన కథను ఆ బాలునికి చెప్పినవాణ్ణి నేనే. ఇంద్రుని సంహరించువాడు కావలసిన వృత్రుడు, ఇంద్రునిచే సంహరింపబడువాడైనాడు.

ఆ గ్యారేజీలో నిలబడి నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఆ స్వరం ఎందుకు తప్పింది? జనసమ్మర్దం అనీ, నిద్రలేమి అనీ అంతకుముందు సమాధానపడ్డాను. యథార్థం వేరు. మా గురువుగారి వద్ద నుండి వచ్చిన తరువాత కొన్నేళ్లపాటు ప్రతిదినం స్వాధ్యాయం చేసేవాణ్ణి. క్రమంగా అది వారానికి ఒకమారు అయింది, పిమ్మట పర్వదినాలకు ముందు మాత్రమే మిగిలింది. నూటయెనిమిది గాయత్రి తొందర ఉన్ననాడు ఇరవైయెనిమిదికీ, మరింత తొందరైతే పదికీ దిగింది. "మనస్సు భగవంతునిపై ఉంటే చాలు" అనే వాక్యాన్ని నా సౌకర్యానికి అడ్డుపెట్టుకున్నాను. ప్రశాంతమైన దినాలలో ఏకాగ్రత నన్ను కాపాడేది, అనగా పట్టీని ఒక పక్కకు ఒత్తిపట్టి నెట్టుకువచ్చాను. శివరాత్రినాడు చేయి ఏమరింది. సందు ఆ రాత్రి పుట్టింది కాదు, బయటపడిందంతే.

ఇంతలో మావాడు పనిలో పడ్డాడు. మొదట గాడిలో పేరుకున్న రంపపు పొట్టును సన్నని పుల్లతో గీకి శుభ్రం చేశాడు. మురికి మీద బిగువు నిలవదు. పట్టీని ఊడదీసి, పక్క అంచు పైకి వచ్చేటట్లు వైస్‌లో బిగించి, ఆ అంచు మీద సెంటర్ పంచ్ ఆనించి, అంగుళానికొకటి చొప్పున సుత్తితో చిన్న చిన్న గుంటలు కొట్టాడు. గుంట పడినచోట దాని చుట్టూ లోహం గట్టులాగ రవంత ఉబుకుతుంది. ఆ ఉబుకే సందును పూరిస్తుంది. కొత్త లోహం ఏదీ చేర్చలేదు. ఉన్న ఉక్కే దెబ్బ తిని తన స్థానాన్ని నింపుకుంది.

గాడిలో పెట్టి చూస్తే ఈసారి పట్టీ కదలనే లేదు. "బిగుసుకుపోయింది, ఇదీ దోషమే" అని ఆకురాయితో ఉబుకుల మీద రెండు మూడు మార్లు రాసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ రాసి, చివరకు ఒక వేలితో తోస్తే జారేటట్లు, పక్కకు మాత్రం మెదలనట్లు చేశాడు. అతిగా ఉపవసించువానికీ, అతిగా భుజించువానికీ యోగం లేదన్న గీతోపదేశం స్ఫురించింది. నియమం గతిని ఆపకూడదు, గతి తప్పనివ్వకూడదు.

తరువాత మూలమట్టంతో గేజ్ తలను చక్రానికి లంబంగా నిలిపి, ఒక వెడల్పాటి పనికిరాని పలకను అడ్డంగా కోశాడు. రెండు ముక్కలలో ఒకదాన్ని తిరగేసి రెండవదానికి ఆనించాడు. "తిరగేస్తే తప్పు రెట్టింపై కనబడుతుంది నాన్నగారూ" అన్నాడు. నాకు ఒళ్ళు పులకించింది. జటాపాఠంలో మా గురువుగారు చేయించినది ఇదే కదా! మొదటి పదం, రెండవ పదం, రెండవది, మొదటిది, మరల మొదటిది, రెండవది. సరళంగా చదివినప్పుడు దాగిన సంధిదోషం, స్వరదోషం తిరగేసి చదివినప్పుడు దాగలేవు. ఆ ముక్కల నడుమ వెలుతురు కనబడలేదు. అప్పుడు నలభై ఐదు డిగ్రీలకు తిప్పి ఎనిమిది కోతలూ కోశాడు. నాలుగవ మూల నిశ్శబ్దంగా కలుసుకుంది.

వేదాధ్యయనానికి పంపలేకపోయానని ఈ కుమారుని విషయంలో నాకు ఏళ్లుగా ఒక కొరత ఉండేది. ఆనాడు అది చాలావరకు తీరింది.

మరునాటి నుండి అక్కడే స్వాధ్యాయం తిరిగి ఆరంభించాను. సంఖ్య తగ్గించలేదు, ఆవేశంతో పెంచనూ లేదు. స్వదేశం చేరిన పిమ్మట పాఠశాలకు వెళ్ళి, తోటి విద్యార్థుల ఎదుటనే ఆ బాలునితో, "శివరాత్రినాడు నీవు చెప్పినదే సరి నాయనా, తప్పు నాది" అన్నాను. అతడు తలవంచుకొని పాదాలు తాకబోతే వారించి, ఎదురుగా కూర్చున్నాను. "ఆ అనువాకం నాకు ఒకమారు సంత చెప్పు" అని అడిగాను. మొదట సంకోచించాడు, పిమ్మట కంఠం విప్పాడు. స్వరితం ఉండవలసినచోటనే ఉన్నది.

సాధక మహాశయులారా, మీ అనుష్ఠానంలో కూడా ఏదో ఒక నియమం ఇట్లే వదులై ఉండవచ్చు. అంతా సవ్యంగా సాగుతున్న దినాన, యంత్రం ఆపి, రెండు వేళ్లతో ఒకమారు కదిపి చూచుకొనండి. చప్పుడు వినబడితే, ఆ సందును చూపినవారిపై మాత్రం కోపించకండి.

స్వస్తి.