గెలిచిన మర్నాడే కోచ్‌ని సాగనంపిన ఊరు

హ్యూస్టన్ నుంచి 290 హైవే మీద వెళ్లి, హెంప్‌స్టెడ్ దగ్గర ఆరో నంబరు రోడ్డెక్కితే గంటన్నరలో కాలేజ్ స్టేషన్ వస్తుంది. ఊరి కథంతా ఆ పేరులోనే ఉంది. 1876లో ఇక్కడ కాలేజీ పెట్టారు. దానికోసం రైలు ఆగింది. రైలు ఆగినచోట ఊరు పుట్టింది. ఆ కాలేజీయే ఇవాళ్టి టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ. మన బీటెక్ పిల్లలు ఎమ్మెస్‌కి అప్లై చేసేటప్పుడు రాసుకునే లిస్టుల్లో తరచూ కనపడే పేరే. అందుకే క్యాంపస్ బస్సెక్కితే ఏదో ఒక సీట్లోంచి తెలుగు వినపడుతుంది.

మామూలు రోజుల్లో నిదానంగా ఉండే ఊరు. ఎదురుపడ్డ వాళ్లెవరైనా సరే, తెలిసినా తెలియకపోయినా ‘హౌడీ’ అంటారు. కానీ ఆగస్టు చివర్నుంచి నవంబరు దాకా కొన్ని శనివారాలు మాత్రం ఊరి లెక్క మారిపోతుంది. ఊరి జనాభా సుమారు లక్షా ఇరవై వేలు. క్యాంపస్ మధ్యలో రైలు పట్టాల పక్కనే ఉన్న కైల్ ఫీల్డ్ స్టేడియంలో సీట్లు 1,02,733! కాలేజీ పిల్లలు ఆడే ఆటకి కట్టిన స్టేడియం అది.

2023 నవంబరు రెండో వారంలో నేను అక్కడికి వెళ్లాను. తీసుకెళ్లింది మా ఇంజినీరింగ్ కాలేజీ సీనియర్. నేను అన్నా అంటాను, అతను ఏరా అంటాడు. ఇక్కడే ఎమ్మెస్ చేశాడు. కుడిచేతి వేలికి ‘ఆగీ రింగ్’ ఉంటుంది. ఇక్కడ చదివినవాళ్లని ఆగీలంటారు. ఆ బంగారు ఉంగరం పెళ్లి ఉంగరంతో సమానం వాళ్లకి. అన్నకి అక్టోబరులోనే లేఆఫ్‌లో ఉద్యోగం పోయింది. హెచ్1బీ వీసా వాళ్లకి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోడానికి ఉండే గడువు 60 రోజులు. అందులో దాదాపు సగం అయిపోయింది. టికెట్లు ఉద్యోగం ఉన్నప్పుడు కొన్నవి. “ఇదే ఆఖరి మ్యాచేమోరా, పద” అన్నాడు.

కోచ్ అంటే ఎవరు?

ఇది కాళ్లతో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టుకుని, అడ్డొచ్చిన వాళ్లని గుద్దుకుంటూ ముందుకెళ్లే అమెరికన్ ఫుట్‌బాల్. ఇందులో హెడ్ కోచ్ అంటే పక్కన నిలబడి చప్పట్లు కొట్టే మాస్టారు కాదు. పదిహేడేళ్ల కుర్రాళ్ల ఇళ్లకి వెళ్లి, తల్లిదండ్రులతో మాట్లాడి, వాళ్లని కాలేజీకి తెచ్చుకునేది ఆయనే. ఎవరు ఆడాలో, ఏ ఎత్తు వెయ్యాలో చెప్పేదీ ఆయనే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలోకీ ఎక్కువ జీతం గవర్నరుకి కాదు, ఇలాంటి ఓ కోచ్‌కే.

అప్పుడు ఏ అండ్ ఎమ్ కోచ్ జింబో ఫిషర్. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి 2013 సీజన్లో జాతీయ టైటిల్ తెచ్చిపెట్టిన మనిషి. 2017 డిసెంబరులో ఈయన్ని ఇక్కడికి తెచ్చుకున్నారు. పదేళ్లకి 75 మిలియన్ డాలర్లు, అంతా గ్యారంటీ. అంటే మధ్యలో వద్దనుకున్నా డబ్బు ఇవ్వాల్సిందే. వచ్చిన కొత్తలో యూనివర్సిటీ పెద్దలు ఆయనకో ఫలకం బహూకరించారు. జాతీయ చాంపియన్ అని చెక్కించి, సంవత్సరం దగ్గర 20 అని వేసి, మిగతా రెండంకెలు ఖాళీ వదిలేశారు. ఈ కాలేజీ చివరిసారి జాతీయ టైటిల్ గెలిచింది 1939లో. ఎనభై ఏళ్ల ఆకలిని ఆ రెండు ఖాళీల్లో పెట్టి ఒక మనిషి చేతికిచ్చారన్నమాట.

మొదట్లో అంతా బాగానే నడిచింది. 2020లో తొమ్మిది గెలిచి ఒకటే ఓడి దేశంలో నాలుగో స్థానం. 2021లో ఒప్పందాన్ని 2031 దాకా పొడిగించి, జీతం ఏడాదికి 9 మిలియన్ల పైకి పెంచారు. ఆ అక్టోబరులోనే నంబర్ వన్ అలబామాని ఇదే కైల్ ఫీల్డ్‌లో 41-38తో ఓడిస్తే జనం మైదానంలోకి దూకేశారు. అన్న కూడా దూకాడట. ఆ రాత్రి ఫొటో ఇప్పటికీ అతని ఫోన్ వాల్‌పేపర్.

2022లో మొత్తం తిరగబడింది. దేశంలోకెల్లా మేటి కుర్రాళ్లని తెచ్చుకున్నారని పేరొచ్చిన ఏడాదే 5 గెలుపులు, 7 ఓటములు. సెప్టెంబరులో అపలాచియన్ స్టేట్ అనే చిన్న జట్టుకి పదిహేను లక్షల డాలర్లిచ్చి పిలిచి మరీ ఆడించారు. సులువుగా గెలవొచ్చని లెక్క. వాళ్లు వచ్చి 17-14తో గెలిచి, డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. తర్వాత వరసగా ఆరు మ్యాచ్‌లు పోయాయి. 2023 నవంబరు నాటికి ప్రత్యర్థి మైదానంలో ఒక్క గెలుపు చూసి రెండేళ్లు దాటింది.

అర్ధరాత్రి అరుపులు

మేం శుక్రవారం సాయంత్రానికే చేరుకున్నాం. కారణం మిడ్‌నైట్ యెల్. సొంతగడ్డ మీద మ్యాచ్ ఉన్న ప్రతిసారీ ముందురోజు అర్ధరాత్రి జనం స్టేడియంకి వచ్చి, రేపు ఎలా అరవాలో ప్రాక్టీస్ చేస్తారు. ఇక్కడ చీర్‌లీడర్లు ఉండరు. విద్యార్థులు ఓట్లేసి ఎన్నుకున్న ఐదుగురు యెల్ లీడర్లు చేతులతో సైగ చేస్తే వేలమంది ఒకేసారి నడుం వంచి, మోకాళ్ల మీద చేతులు పెట్టి అరుస్తారు. చివర్లో లైట్లార్పేస్తారు. జంటగా వచ్చినవాళ్లు ముద్దు పెట్టుకోవాలి. ఒంటరిగా వచ్చినవాళ్లు ఫోన్ లైటు పైకెత్తి జోడీ వెతుక్కోవాలి. అన్నా నేనూ ఫోన్లు జేబులోనే ఉంచేసుకున్నాం.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆగీలు తమ జట్టుని ‘బూ’ అని ఎగతాళి చెయ్యరు. ఓడిపోయినా ఓడామని ఒప్పుకోరు, ‘టైమ్ చాలలేదు’ అంటారు. మరి ఇలాంటి జనానికి కోపమొస్తే ఏం చేస్తారు? శనివారం మధ్యాహ్నం ఆ పొగలో తిరిగితే తెలిసింది. పొగంటే మాంసం కాలుస్తున్న పొగే. కార్ల డిక్కీలు తెరిచి, టెంట్లేసి, పొద్దున్నుంచీ వంటలూ తిండీ. దాన్ని టెయిల్‌గేటింగ్ అంటారు. మన జాతరలో చెట్లకింద వంటల్లాగే. ఏ టెంటు దగ్గర ఆగినా చేతిలో ప్లేటు పెడతారు. ఆ వెంటనే కోచ్ గురించి మొదలుపెడతారు. ఎత్తులు పాతకాలంవి అని ఒకరు. దగ్గరిదాకా వచ్చి ఓడిపోతున్నాం అని ఇంకొకరు. ఒక్క కుర్రాడి పేరు కూడా ఎవరూ చెడ్డగా ఎత్తలేదు.

స్టేడియంలో మా పక్క సీటు పెద్దాయన ఉంగరం అరిగిపోయి ఉంది. ఈ సీటు కొనుక్కునే హక్కు కోసం ఏటేటా పన్నెండో మనిషి ఫౌండేషన్‌కి విరాళం కడతాడట. “డబ్బు కట్టడం నా పని. గెలిపించడం ఆయన పని. నా పని నేను మానలేదుగా?” అన్నాడు.

ఆ సాయంత్రం ప్రత్యర్థి మిసిసిపీ స్టేట్. మొదటి ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లకీ దెబ్బలు తగలడంతో మూడో కుర్రాడు జేలెన్ హెండర్సన్ మొదటిసారి మ్యాచ్ మొదలుపెట్టాడు. స్కోరు 51-10! ఇక్కడ జట్టు పాయింట్లు చేసినప్పుడల్లా పక్కనున్న జోడీని ముద్దు పెట్టుకోవాలన్నది ఆచారం. పెద్దాయన ప్రతిసారీ టోపీ తీసి భార్య బుగ్గ మీద ముద్దు పెట్టి, మళ్లీ టోపీ పెట్టుకుని, “అయినా ఆయన పోవాల్సిందే” అనేవాడు.

నాకు ఆగలేదు. “అన్నా, నీకే ఉద్యోగం పోయింది. ఇంకొకాయన ఉద్యోగం పోవాలని నువ్వు కూడా ఇలా అరుస్తున్నావేంటి?” అనడిగాను. నవ్వాడు కానీ జవాబు చెప్పలేదు.

60 రోజులు

ఆదివారం పొద్దున హోటల్లో టిఫిన్ చేస్తుంటే ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. ఫిషర్‌ని తీసేశారు. ఆ గురువారమే యూనివర్సిటీ రీజెంట్లు కూర్చుని ఈ సంగతి మాట్లాడారని తర్వాత బయటికొచ్చింది. అంటే మేం 51 పాయింట్లకి గంతులేస్తున్నప్పటికే ఆయన పని దాదాపు అయిపోయింది.

ఒప్పందం ప్రకారం ఆయనకి ఇవ్వాల్సింది సుమారు 76 మిలియన్ డాలర్లు. అప్పటి మారకంలో 630 కోట్ల రూపాయల పైమాటే. అప్పటిదాకా కాలేజీ ఫుట్‌బాల్లో తెలిసిన పెద్ద మొత్తం 2020లో ఆబర్న్ కోచ్ గస్ మల్జాన్‌కిచ్చిన 21.5 మిలియన్లు. అందులో 19 మిలియన్ల పైచిలుకు 60 రోజుల్లోపు కట్టాలి. మిగతాది 2031 దాకా ఏటేటా. ఆయన ఇంకోచోట ఉద్యోగంలో చేరినా ఒక్క డాలరు తగ్గదు. డబ్బు ఫౌండేషన్ నుంచీ, క్రీడా విభాగం నుంచీ మాత్రమే వస్తుందని యూనివర్సిటీ చెప్పింది. అంటే ఆ పెద్దాయన లాంటివాళ్లు కట్టిన విరాళాల నుంచీ, కొన్న టికెట్ల నుంచీ.

అన్న ఆ వార్త రెండుసార్లు చదివాడు. “చూశావా, నాకూ 60 రోజులే, ఆయనకీ 60 రోజులే” అన్నాడు. కాసేపాగి ముందురోజు ప్రశ్నకి జవాబు చెప్పాడు. “నా ఉద్యోగం తీసినవాళ్లని నేను ఏమీ అనలేను రా. వాళ్లెవరో కూడా నాకు తెలీదు. ఇక్కడైతే నా మాట ఎవరో ఒకరు వింటారు.”

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. తిరిగొస్తుంటే మన సినిమా థియేటర్లు గుర్తొచ్చాయి. సినిమా ఫ్లాపైతే అభిమాని హీరోని అంటాడా? చచ్చినా అనడు. డైరెక్టర్ మా హీరోని వాడుకోలేకపోయాడంటాడు. హీరోని వదులుకుంటే తన పదిహేనేళ్ల అభిమానాన్ని వదులుకోవాలి. డైరెక్టర్ మారితే పోయేదేం లేదు. ఇక్కడ జట్టు హీరో. కాలేజీని మార్చుకోలేరు, అది ఉంగరమై వేలికుంది. ఆడేవాళ్లని తిట్టలేరు, వాళ్లు పందొమ్మిదేళ్ల పిల్లలు. మిగిలింది ఒకే ఒక్కడు. బయటినుంచి వచ్చినవాడు, ఎక్కువ జీతం తీసుకునేవాడు. అందుకే అభిమానం ఎంత గట్టిదైతే కోచ్ మీద కోపం అంత పెద్దదవుతుంది. విసిగిపోయి ఇంటికి పోయేవాళ్ల కోపం కాదది, ఎక్కడికీ పోలేనివాళ్ల కోపం.

రాకముందే వద్దన్నారు

రెండు వారాల్లో ఇంకో తమాషా. కెంటకీ కోచ్ మార్క్ స్టూప్స్ ఇక్కడికి రాబోతున్నారని శనివారం రాత్రి వార్త గుప్పుమంది. ఈయనా? అని జనం భగ్గుమన్నారు. తెల్లారేసరికి ఆయన కెంటకీలోనే ఉండిపోతున్నట్టు ప్రకటించేశారు. సోమవారానికల్లా డ్యూక్ యూనివర్సిటీ నుంచి మైక్ ఎల్కో వచ్చారు. ఒకప్పుడు ఇదే ఫిషర్ కింద డిఫెన్స్ చూసుకున్న మనిషి. జీతమిచ్చాక పంపించడం ఒక ఎత్తు. జీతం మొదలవకముందే పంపించడం ఇంకో ఎత్తు!

ఇది ఒక్క ఊరి జబ్బు కాదు. 2025 అక్టోబరు 25న ఎల్కో జట్టు లూసియానాలోని బేటన్ రూజ్ వెళ్లి ఎల్‌ఎస్‌యూని 49-25తో చిత్తు చేసింది. అక్కడి జనం తమ కోచ్ బ్రయన్ కెల్లీని తీసెయ్యమని స్టేడియంలోనే అరిచారు. మర్నాడే తీసేశారు. ఆయనకి చెల్లించాల్సింది సుమారు 54 మిలియన్లు. ఫిషర్‌ని ఇక్కడికి తెచ్చిన అథ్లెటిక్ డైరెక్టర్, కెల్లీని అక్కడికి తెచ్చిన అథ్లెటిక్ డైరెక్టర్ ఒకరే, స్కాట్ వుడ్‌వర్డ్. ఆ వారంలోనే ఆయనా వెళ్లిపోయారు.

ఎల్కో 2025లో వరసగా 11 మ్యాచ్‌లు గెలిచారు. సీజన్ పూర్తికాకుండానే ఒప్పందం పొడిగించి జీతం పెంచారు. 2021లో ఫిషర్‌కి చేసినట్టే.

అన్నకి గడువు ఇంకో వారముందనగా డల్లాస్‌లో ఉద్యోగం దొరికింది. మూడున్నర గంటల డ్రైవైనా ఏటా రెండు మ్యాచ్‌లకైనా వెళ్తాడు. ఎల్కో మీద ఇప్పటికైతే ఫిర్యాదుల్లేవట. ‘ఇప్పటికైతే’ అనే మాటని మాత్రం ఒత్తి పలుకుతాడు.

మీరు వెళితే

హ్యూస్టన్ నుంచో ఆస్టిన్ నుంచో వెళ్లేవాళ్లు శుక్రవారం సాయంత్రానికే చేరుకోండి. మ్యాచ్ రోజుల్లో హోటల్ గదులకి రేట్లు మండిపోతాయి, ముందే బుక్ చేసుకోండి. విద్యార్థుల వైపు సీటు దొరికితే మ్యాచంతా నిలబడాలి, మంచి బూట్లు వేసుకోండి. స్టేడియం ఉత్తరం వైపు కాలేజీ కుక్క రెవెలీ వంశానికి సమాధులున్నాయి. వాటికి కనపడేలా ఒక స్కోరుబోర్డు కూడా పెట్టారు.

అటువైపే ఈ. కింగ్ గిల్ విగ్రహం ఉంటుంది. 1922 జనవరి 2న డల్లాస్‌లో సెంటర్ కాలేజీతో మ్యాచ్. ఆటగాళ్లు ఒక్కొక్కరే దెబ్బలు తగిలి కూలిపోతుంటే, పైన పత్రికలవాళ్లకి సాయం చేస్తున్న గిల్‌ని కోచ్ పిలిచాడు. అతను వచ్చి, ఆట దుస్తులేసుకుని, మ్యాచ్ అయ్యేదాకా గీత పక్కన సిద్ధంగా నిలబడ్డాడు. అవసరం రాలేదు, జట్టు 22-14తో గెలిచింది. పన్నెండో మనిషి అన్న పేరు అక్కణ్నుంచే వచ్చింది. విద్యార్థులు ఇప్పటికీ కూర్చోకపోవడానికి కారణం అతనే.

ఆ రోజు అతన్ని పిలిచిన కోచ్ పేరు డేనా ఎక్స్. బైబిల్. మా అన్నని అడిగాను, తెలీదన్నాడు.