గీటురాయి మీద పాత గిటారు

మావాడు బేస్ గిటారు కొంటానన్నప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. ఇంట్లో ఒక గిటారు ఉంది కదరా అన్నాను. "అది వేరు, ఇది వేరమ్మా," అని ఇళయరాజా పాట ఒకటి పెట్టాడు. "పాట వినకు. కింద ఏం నడుస్తోందో విను," అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా వింటున్న పాటే. బాలు గొంతు తెలుసు, వయొలిన్లు తెలుసు. వాటన్నిటి కింద దుం దుందుం అంటూ ఒకటి పాటంతా మోసుకుంటూ నడుస్తోందని మాత్రం ఆ రోజే తెలిసింది. నాలుగే తీగలు, లావుపాటివి. మన ఇంటిపని లాంటిదన్నమాట. జరుగుతున్నంతసేపూ ఎవరికీ వినపడదు, ఆపేస్తే మాత్రం అందరికీ తెలుస్తుంది. అప్పట్నుంచి ఆ వాయిద్యం మీద నాకూ కాస్త అభిమానం కలిగింది.

అయితే వాడికి కావలసింది కొత్తది కాదు. 1969లో చేసిన ఫెండర్ ప్రెసిషన్ బేస్. అడిగిన ధర ఆరు వేల డాలర్లు.

మావారు తింటున్న ముద్ద ఆపేసి, "యాభై ఏళ్ళ నాటి చెక్కముక్కకా?" అన్నారు. వాడు మూడు వేసవులు కిరాణా కొట్లో సామాన్లు సర్ది, చిన్నపిల్లలకి ఈత నేర్పి నాలుగు వేల రెండొందలు కూడబెట్టాడు. మిగతాది ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పలేదు. నా గాజుల జత ఒకటి వాడకుండా పడుందని వంటింట్లో చెవిలో చెప్పాను. "వద్దమ్మా. ముందు అది నిజమైనదో కాదో చూద్దాం," అన్నాడు. ఆ మాట విన్నాక, ఈ పిల్లాడు మరీ పిచ్చివాడేం కాదని ధైర్యం వచ్చింది.

ఆ వారమంతా రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద నాకు పాఠాలు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ అనే ఆయన 1951లో ఈ ప్రెసిషన్ బేస్ తెచ్చాడట. అంతకు ముందు మనిషంత ఎత్తు వాయిద్యాన్ని నిలబెట్టి వాయించేవాళ్ళు. దానికి మెట్లుండవు, వేలు కాస్త జరిగితే స్వరం తప్పుతుంది. ఈయన మెడ మీద మెట్లు బిగించాడు, స్వరం కచ్చితంగా పలుకుతుంది కాబట్టి ఆ పేరు. 1965 జనవరిలో కంపెనీని సి.బి.ఎస్. కొనేసింది. పాతవాటికి గిరాకీ పెరిగేకొద్దీ దొంగవీ పెరిగాయి.

"మరి తల మీద పేరు ఉంటుంది కదరా?" అన్నాను.

"అది స్టిక్కర్ లాంటిదమ్మా. ఎవడైనా అతికించొచ్చు."

నాకు మా డిగ్రీ క్లాసు గుర్తొచ్చింది. వేమన మకుటం తగిలించి ఎవరెవరో పద్యాలు రాసేశారని మా మాస్టారు చెప్పేవారు. బ్రౌన్ దొర ఊరూరా రాతప్రతులు తెప్పించి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించి, 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. మకుటం ఒక్కటే చూసి ఇది వేమనది అనకూడదు. భాష చూడాలి, నడక చూడాలి, ఎన్ని ప్రతుల్లో ఉందో చూడాలి. అదే వాడికి చెప్తే, "అచ్చం ఇదేనమ్మా!" అని ఎగిరాడు. నా బి.ఏ. తెలుగు ఇన్నాళ్ళకి అమెరికాలో గిటారు బేరానికి పనికొచ్చింది.

మెడ, ఒళ్ళు కలిసే చోట వెనకాల ఒక ఉక్కు పలక ఉంటుంది. ఆ రోజుల్లో నంబరు దాని మీద కొట్టేవారు. నాలుగు స్క్రూలు విప్పితే పలక ఊడొస్తుంది, ఇంకో గిటారుకి బిగించెయ్యొచ్చు. పైగా ఫ్యాక్టరీలో పలకల్ని డబ్బాలోంచి చేతికందినవి తీసి బిగించేవారట, నంబర్లు వరసలో కూడా ఉండవు. కాబట్టి నంబరు సాక్ష్యమే గానీ, బలమైన సాక్ష్యం కాదు.

అసలు సంగతి మెడ విప్పితే తెలుస్తుంది. మెడ మడమ మీద సిరాముద్ర ఉంటుంది. ముందు ఒక అంకె, తర్వాత నెల, ఏడాది, చివర ఒక అక్షరం. ఆ మొదటి అంకెని చాలామంది తారీఖు అనుకుంటారు. కాదు, అది ఏ రకం గిటారుదో చెప్పే గుర్తు. చివరి అక్షరం మెడ వెడల్పుకి. అలాగే వాల్యూమ్ తిప్పే బొత్తం కింద 'పాట్' అనే చిన్న రేకు డబ్బా ఉంటుంది. దాని మీద 1376631 అని ఉందనుకోండి, 137 అంటే చేసిన కంపెనీ, 66 ఏడాది, 31 వారం.

"1969 గిటారులో 1966 పాట్ ఉంటే దొంగదేగా?" అన్నాను, పెద్ద డిటెక్టివులా.

"కాదు. 66లో బోలెడు కొనిపెట్టుకుని 69 దాకా వాడారు. గిటారు కన్నా ముందుది ఉండొచ్చు, తర్వాతది ఉండకూడదు."

ఇంక రంగు. ఒంటికి రంగు వేసేటప్పుడు పట్టుకోడానికి మెడ దూరే గుంటలో ఒక కర్ర బిగించేవారు. ఆ కర్ర ఉన్నంతమేర రంగు పడదు, చెక్క చెక్కలాగే ఉంటుంది. గుంటంతా రంగు నిండి ఉంటే మళ్ళీ వేశారని అనుమానించాలి. మళ్ళీ రంగేస్తే ఏమవుతుంది, శుభ్రంగానే ఉంటుంది కదా అన్నాను. మిగతావన్నీ అసలువైనా ధర దాదాపు సగానికి పడిపోతుందట.

శనివారం బయల్దేరాం. మేముండేది డాలస్ పక్కన ప్లేనోలో. అమ్మేవాళ్ళు డెంటన్‌లో. అక్కడి యూనివర్సిటీలో 1947లోనే జాజ్ సంగీతానికి డిగ్రీ పెట్టారు, దేశంలో అదే మొదటిది. అందుకని ఆ ఊళ్ళో వాయించేవాళ్ళు ఎక్కువ. వాడి సంచీలో స్క్రూడ్రైవర్, చిన్న అద్దం, బ్లాక్‌లైట్ టార్చి. వెనక సీట్లో నా పులిహోర డబ్బా.

ముందే ఫోన్‌లో అడిగాడు, "మెడ విప్పి చూడొచ్చా?" అని. పరాయి సొమ్ము విప్పే ముందు అడగాలి, వద్దంటే దండం పెట్టి వచ్చెయ్యాలి. సరేనన్నారు.

తలుపు తీసినావిడకి డెబ్బై దాటి ఉంటాయి. భర్త పోయి ఏడాదిన్నర. ప్రకటన రాసింది అల్లుడట. 'అన్నీ ఒరిజినల్' అని రాశాడు. గిటారు నీలం రంగులో ఉంది, అక్కడక్కడా చెక్కు లేచింది. మోచెయ్యి ఆనే చోట రంగు పూర్తిగా అరిగిపోయింది. ఆవిడ దాన్ని తెచ్చి సోఫా మీద పడుకోబెట్టిన తీరు చూస్తే నాకేదోలా అయింది. నిద్రపోయే పిల్లని పడుకోబెడతామే, అలా.

మావాడు ముందు వాయించాడు. తర్వాత తీగలు వదులు చేసి, ఆవిణ్ణి ఇంకోసారి అడిగి, మెడ విప్పాడు. ముద్ర ఉంది. మార్చి 69. వాడి కళ్ళు మెరిశాయి. తల మీద టార్చి వేస్తే పాత లక్కర్ పసుప్పచ్చగా వెలిగింది. ఆ తర్వాత గుంటలోకి చూశాడు. ఏమీ మాట్లాడలేదు. నాకు చూపించాడు. కర్ర జాడ లేదు, గుంటంతా నీలం. ముందు పలక విప్పితే, తీగలు దాచే గుంట మూలలో నీలం కింద నుంచి పసుపు, ఎరుపు తొంగి చూస్తున్నాయి. ఒక పాట్ 1966ది. రెండోదాని మీద 78 అని ఉంది, టంకం కూడా కొత్తగా మెరుస్తోంది.

మెడ అసలైనదే. నీలం రంగు కాదు. ఒక పాట్ కాదు. ఇప్పుడు ఇది ఆవిడకి చెప్పాలి.

ఇక్కడ మీకో పాత సంగతి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం అమ్మ గొలుసు మార్చుకుందామని విజయవాడలో ఒక నగల కొట్టుకి వెళ్ళాం. అది మా అమ్మమ్మ మెళ్ళోంచి అమ్మకి వచ్చింది. కొట్టతను గీటురాయి మీద గీసి, ఆమ్లం చుక్క వేసి, కొట్టంతా వినపడేలా, "ఎవరమ్మా మీకు అంటగట్టింది? గుండ్లలో సగం రాగి, కొక్కెం అసలు బంగారమే కాదు," అన్నాడు. అతను చెప్పింది నిజమే. ఎప్పుడో రిపేరుకిచ్చినప్పుడు మారిపోయి ఉంటాయి. కానీ అమ్మ ఆ గొలుసుని పమిటకొంగులో మూటగట్టుకుని, మెట్లు దిగుతూ, "మా అమ్మని మోసగత్తెని చేశాడే," అంది. ఆ గొలుసు మళ్ళీ మెళ్ళో వేసుకోలేదు. నిజాన్ని ఎలా చెప్పకూడదో నేను నేర్చుకుంది అక్కడే.

మావాడు బేరానికి దిగబోతుంటే మోచెయ్యి పట్టుకుని ఆపాను. "ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టు. మెడ సంగతి మొదట చెప్పు. డబ్బు సంగతి ఆఖరున," అన్నాను తెలుగులో. వాడు కూర్చున్నాడు. ముద్ర చూపించాడు. తర్వాత గుంట, పసుపు మూల, 78 పాట్ ఒక్కొక్కటీ ఆవిడ చేతికే టార్చి ఇచ్చి చూపించాడు.

ఆవిడ చాలాసేపు గుంటలోకే చూసింది. "ఎనభై ఒకటిలో నేను ఆయన్ని మొదటిసారి చూసినప్పుడే ఇది నీలం," అంది. తర్వాత అడిగింది, "అంటే ఆయన్ని ఎవరో మోసం చేశారా?"

నా గొంతులో ఏదో అడ్డం పడింది. అదే ప్రశ్న, ఇంకో భాషలో.

వాడన్నాడు కదా, "అలా అనుకోనండీ. ఆయన కొన్నప్పుడు ఇది అపురూపమేం కాదు, మామూలు వాడిన గిటారు. అప్పట్లో నచ్చిన రంగు వేసుకునేవాళ్ళు, పాడైన పాట్ మార్చుకునేవాళ్ళు. జాకో పాస్టోరియస్ అని పెద్ద బేస్ విద్వాంసుడి 1962 బేస్‌కి మెట్లే లేవు, పడవలకి పూసే ఎపాక్సీ పూసి వాయించాడు. 'ఒరిజినల్' అని లెక్కలు కట్టడం తర్వాత కొనేవాళ్ళం మొదలుపెట్టాం."

ఇవి ఆవిణ్ణి ఊరడించడానికి కల్పించిన మాటలు కావు. ఉన్న సంగతే.

ఆఖరున ధర. మూడు వేల రెండొందలు ఇవ్వగలనన్నాడు, ఎందుకో చెప్పాడు. వేరే ఎవరికైనా, డాలస్‌లో ఏదైనా గిటారు కొట్టులో అయినా చూపించుకుని నిర్ణయించుకోండి అని కూడా అన్నాడు. ఆవిడ ముఖం ఎర్రబడింది. "అల్లుడితో మాట్లాడాలి," అంది. మెడ మళ్ళీ బిగించి, స్క్రూలు ఎంతుంటే అంతే బిగించి, తీగలు శృతి చేసి ఇచ్చేసి వచ్చేశాం. దారిలో వాడు ఒక్క మాట మాట్లాడలేదు. పులిహోర అలాగే ఉండిపోయింది. నిజం చెప్పకుండా ఆరు వేలు పోసినా బాధే, నిజం చెప్పి ఒట్టి చేతులతో వచ్చినా బాధే. వాడి వయసులో ఏ బాధ మేలైనదో తెలుసుకోవడం కష్టం. నాకూ ఆ రోజు కష్టంగానే ఉంది.

పదకొండో రోజు ఫోన్ వచ్చింది. రెండు చోట్ల చూపించారట, ఇద్దరూ మావాడు చెప్పిందే చెప్పారట. "మూడు వేల అయిదొందలైతే నీకిస్తాను. నువ్వు విప్పినట్టు వాళ్ళెవరూ నన్నడిగి విప్పలేదు," అందట. గాజులు అమ్మే పని లేకపోయింది. ఈసారి మావారు కూడా వచ్చారు, కారు నడపడానికేనని చెప్పి.

కేసు జేబులో ఆవిడ ఒక కవరు పెట్టింది. అందులో పాత ఫోటో. బక్కపల్చటి కుర్రాడు, పొడుగు జుట్టు, ఒళ్ళో నీలం గిటారు. వెనకాల పెన్సిల్‌తో 1979 అని రాసి ఉంది. 78 పాట్ ఎప్పుడు పడిందో మావాడు లెక్కలు కడుతున్నాడు. ఆవిడ అడిగిందల్లా ఒక్కటే, రంగు మాత్రం మార్చొద్దని.

ఇప్పుడు రోజూ సాయంత్రం మేడ మీంచి దుం దుందుం వినిపిస్తోంది. మావారు "సౌండ్ తగ్గించరా" అని కింద నుంచి అరుస్తారు, అరిచి అక్కడే మెట్ల దగ్గర నిలబడతారు.

నిన్న అమ్మకి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. అంతా విని, "ఆ గొలుసు బీరువాలోనే ఉందే," అంది. ఈసారి వచ్చినప్పుడు నాకిమ్మని అడిగాను. మార్చడానికి కాదు, వేసుకోడానికి అన్నాను. "కొక్కెం ఒక్కటి మాత్రం గట్టిది వేయించుకో, ఊడిపోతుంది," అంది అమ్మ.