గోదావరి ఆ చివరన

మా వెల్గటూర్ మండలంలో కోటిలింగాల దగ్గర గోదావరి నిండుగా కనబడుతుంది. అదే నది సముద్రంలో కలిసే చోటు చూడాలని నాకు చాలాకాలంగా ఆశ. కిందటి జనవరిలో నరసాపురంలో కూడికలుంటే మంచిర్యాలలో రైలెక్కి, విజయవాడలో మారి వెళ్ళాను.

వెళ్ళేముందు మా సంఘంలో ఒక రైతు నన్నొక మాట అడిగాడు. ఆయన కొడుకు ఆరాధనలో వయొలిన్ వంటిది వాయిస్తాడు. "వయొలిన్ కాదు అయ్యగారూ, వయోలా" అని అబ్బాయే నన్ను దిద్దాడు. అది కాస్త పెద్దది, స్వరం మంద్రం. మగగొంతుకు చక్కగా తోడు నిలుస్తుంది. అబ్బాయి సంగీతం చదువుతానంటున్నాడు, పంపాలా వద్దా అని తండ్రి ప్రశ్న. ప్రార్థన చేద్దామని చెప్పి తప్పించుకున్నాను.

నరసాపురంలో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి. మోటారు సైకిళ్ళు, కూరగాయల బుట్టలు, మనుషులు అందరం ఒకే పడవలో! అక్కడినుండి కొబ్బరితోటల మధ్య శంకరగుప్తం చేరాను. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930 జులై 6న పుట్టిన ఊరిది.

పసికందుగా ఉండగానే ఆయన తల్లి చనిపోయారు. సంగీతం తెలిసిన తండ్రి పట్టాభిరామయ్యగారు పిల్లవాణ్ణి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికి అప్పగించారు. తల్లిలేని బిడ్డను విడిచి ఆ తండ్రి ఎలా ఉన్నాడో! చిన్న ప్రాయంలోనే ఆ బాలుడు విజయవాడలో కచేరీ చేశాడు. హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ పేరుకు ముందు "బాల" చేర్చారు. 72 మేళకర్త రాగాల్లో చేసిన కృతులు 1952లో అచ్చయ్యాయి. యౌవనంలో పెద్దల పాటకు వయొలిన్ పట్టారు. తర్వాత వయోలా కూడా కచేరీలకెక్కించారు. మనవాళ్ళు దాన్ని భుజాన నిలబెట్టరు. నేలమీద కూర్చుని, కొనను పాదం మీద ఆనించి వాయిస్తారు.

తిరిగి వచ్చేసరికి ఆ రైతు పసుపు ఉడకబెడుతున్నాడు. ఆవిరి మధ్య నిలబడి ఇదంతా చెప్పాను.

"మరి బువ్వ దొరుకుతదా అయ్యగారూ?"

బాలమురళిగారు రేడియోలో ఉద్యోగం చేశారనీ, విజయవాడ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారనీ, 2016లో చనిపోయేదాకా పాటనే నమ్ముకున్నారనీ చెప్పాను. అందరికీ అట్లా దొరకదని కూడా చెప్పాను, దాచలేదు. హైదరాబాదులో త్యాగరాజ సంగీత కళాశాల ఉన్నదన్నాను.

ఆయన పొయ్యిలోకి కట్టె ఎగదోసి, "పసుపు అమ్మినంక పోయి అడిగొద్దాం, మీరూ రావాలె" అన్నాడు.