మణికట్టు మీది మచ్చ

సావనీర్‌కి ఏదైనా రాయమని యూనియన్ కార్యదర్శి మూడుసార్లు నా గది తలుపు తట్టాడు. కవిత్వం నాకు రాదు. కథ అల్లే ఓపికా లేదు. అందుకని, ఈ మూడేళ్లుగా చెబుతూ వచ్చిన ఒక అబద్ధాన్ని సరిదిద్దుకోవడానికి ఈ పేజీలు వాడుకుంటున్నాను.

నా ఎడమ మణికట్టు మీద రూపాయి బిళ్లంత కాలిన మచ్చ ఉంది. హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే రూమ్మేటు దాని సంగతి అడిగాడు. "చిన్నప్పుడు మా అమ్మ పులుసు దించుతుంటే అడ్డం వెళ్లాన్లే" అన్నాను. తర్వాత అదే మాట కనీసం పదిమందికి చెప్పి ఉంటాను. పాపం, ఇందులో తన పేరు ఉన్నట్టు మా అమ్మకి తెలియనే తెలియదు. ఆ మచ్చ పులుసు వల్ల పడింది కాదు, ఫ్రిజ్ వల్ల పడింది.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల మిరప, అందులో రెండు కౌలు. 2020లో నేను పదో తరగతికి వచ్చేసరికి బడులు మూతబడి ఉన్నాయి. నవంబరులో తెరిచేదాకా ఫోన్లోనే పాఠాలన్నారు గానీ, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న జేబులో పొలానికి వెళ్లిపోయేది. "ఊరికే గోళ్లు గిల్లుకుంటూ కూర్చునే బదులు ఎక్కడన్నా నాలుగు ముక్కలు నేర్చుకోరాదూ" అని నాన్నే నన్ను టౌన్లో ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే షాపులో వదిలిపెట్టాడు. ఆ షాపు మేస్త్రిగారు కుర్రతనంలో గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ మిషన్ల దగ్గర పనిచేశారు. మిరపకాయలు వేయడానికి వెళ్లినప్పుడు నాన్నకి అక్కడ అయిన పరిచయం. జీతం లేదు. మధ్యాహ్నం మాత్రం మేస్త్రిగారింటి నుంచి వచ్చే క్యారేజీలో నాకూ వాటా ఉండేది.

నేనూ ఒకసారి నాన్నతో ఆ స్టోరేజీలోకి వెళ్లాను, ఏడో తరగతి సెలవుల్లో. బయట మే నెల ఎండ. లోపల హమాలీలు తలకి మఫ్లర్లు చుట్టుకుని టిక్కీలు మోస్తున్నారు! ఘాటుకి తుమ్ములు ఒక పక్కా, వణుకు ఇంకో పక్కా. ధర వచ్చేదాకా కాయ రంగు పోకుండా, పురుగు పట్టకుండా కాపాడేది ఆ చలే. టిక్కీకి ఇంత అని దానికి నాన్న అద్దె కట్టేవాడు. చలికి అద్దె ఏమిటా అని అప్పుడు ఆశ్చర్యపోయాను. ఆ చలి పుట్టేది ఎలాగో అడగాలని తోచలేదు.

షాపులో మొదటి నెలంతా ఊడ్చడం, కండెన్సర్ల మీది బూజు దులపడం, సబ్బు నురగ పూసి లీకు పట్టడం. నురగలో బుడగ లేస్తే అక్కడ కన్నం ఉన్నట్టు. ఒకరోజు అన్నాలయ్యాక మేస్త్రిగారు మూలనున్న మంచినీళ్ల కుండ చూపించి "ఇందులో నీళ్లెందుకు చల్లబడతాయిరా?" అన్నారు. చెమర్చి ఆవిరవుతాయి కనక అన్నాను. "పోయే ఆవిరి వట్టిగా పోదు, వేడి మోసుకుపోతుంది. మన ఫ్రిజ్ కూడా కుండే. కాకపోతే కుండ పోగొట్టుకున్న నీళ్లు పోగొట్టుకున్నట్టే, ఇది మాత్రం పోయిన ఆవిరిని పట్టి తెచ్చుకుంటుంది" అన్నారు. లోపలి గొట్టాల్లో గ్యాసు మరిగి వేడి తాగుతుంది, కంప్రెసర్ దాన్ని లాగి నొక్కుతుంది, వెనక ఉన్న జాలీలో ఆ వేడి బయటికి కక్కి మళ్లీ ద్రవమవుతుంది, వెంట్రుకలాంటి క్యాపిలరీ గొట్టంలోంచి దూరి మళ్లీ లోపలికి పోతుంది. చలి అనేది ఎక్కడా తయారు కాదు. ఉన్న వేడిని ఎత్తి బయట పోస్తారంతే. థర్మోడైనమిక్స్ పుస్తకం నేను తెరిచింది ఇంకో మూడేళ్ల తర్వాత.

ఏసీకి "టన్ను" అనే మాట కూడా అక్కడే తెలిసింది. అది బరువని మా ఊళ్లో ఇప్పటికీ అనుకుంటారు, మా హాస్టల్లో కూడా కొందరు అనుకుంటారు. అమెరికా లెక్కలో టన్ను అంటే 2000 పౌండ్లు, సుమారు 907 కిలోలు. అంత ఐసు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి తాగుతుందో అంత వేడిని తోడే శక్తి ఒక టన్ను. మన లెక్కలో సుమారు 3.5 కిలోవాట్లు. ఐసు దిమ్మలు కొనుక్కుని బతికిన కాలం మాట అలా మిగిలిపోయింది.

ఇక మచ్చ సంగతి. పాత ఫ్రిజ్‌లలో ఆర్-12 ఉండేది. అది ఓజోను పొరని తినేస్తుందని తెలిసి, 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత క్రమంగా తీసేశారు. "ఎన్ని డబ్బాలు గాలికి వదిలామో, మాకెవరు చెప్పారు" అనేవారు మేస్త్రిగారు. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యుటేన్. వంటగ్యాసుకి దాయాది, ఓజోనుకి హాని చేయదు గానీ అంటుకుంటుంది. 2021 వేసవిలో, అప్పటికే నాకన్నీ వచ్చుననే ధీమాలో, గ్యాసు పూర్తిగా పోయిందో లేదో చూసుకోకుండా ఒక ఫ్రిజ్ గొట్టానికి టార్చి పెట్టాను. ఉండే గ్యాసే యాభై అరవై గ్రాములు, అందులో మిగిలిన కాస్తా భగ్గుమంది. మేస్త్రిగారు నా చెయ్యి లాక్కెళ్లి నీళ్ల బకెట్లో ముంచి, చాలాసేపు అలాగే పట్టుకున్నారు. తిట్టలేదు. మర్నాడు మాత్రం అదే కంప్రెసర్ ముందు కూర్చోబెట్టి దాని మీది లేబుల్ నాచేత పైకి చదివించారు. "ఏ గ్యాసో దాని నుదుటనే రాసుంది. ముందు అది చదవాలి, తర్వాతే చెయ్యి పెట్టాలి."

ఆ ఏడాది కూడా పది పరీక్షలు రద్దయి అందరం పాసయ్యాం. ఐటీఐలో రెండేళ్ల రిఫ్రిజిరేషన్ ట్రేడులో చేరతానన్నాను. నన్ను షాపులో వదిలిన నాన్నే ససేమిరా అన్నాడు. "సెలవుల్లో నేర్చుకోడం వేరు, బతకడం వేరు. మట్టిలోంచి తీసి మసిలో వేస్తానా నిన్ను?" అన్నాడు. ఎంపీసీ, దాని వెనక ఈ బీఎస్సీ. ఆయన్ని తప్పుపట్టలేను. కానీ ఆ మాట నాలో ఎంతగా దిగిందో, ఇక్కడికొచ్చాక పులుసు కథ చెప్పినప్పుడుగానీ నాకు తెలియలేదు.

2025 మొదట్లో మిరప ధర పడిపోయింది. క్వింటాలుకి 11,781 రూపాయలని కేంద్రం ఫిబ్రవరిలో ప్రకటించింది గానీ, నాన్న ఇంకా పెరుగుతుందని అరవై టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో వేసి కూర్చున్నాడు. నా మెస్ బిల్లు మాత్రం కూర్చోదు కదా. ఎవరికీ చెప్పకుండా ఆదివారాలు గుంటూరులో ఒక సర్వీసు షాపు తరఫున ఏసీలు కడగడానికి వెళ్లడం మొదలుపెట్టాను. ఏప్రిల్లో ఒక ఇంటికి పంపారు. తలుపు తీసింది మాకు ఫిజిక్స్ చెప్పే సారు.

ఇద్దరం ఒక నిమిషం మాట్లాడలేదు. నేను టూల్స్ సంచి వెనక్కి దాచాను, దాస్తే దాగేదైనట్టు. మేడ మీద గేజి సెట్టు తగిలించాక సారు లుంగీ ఎగ్గట్టి పక్కన గొంతుక్కూర్చున్నారు. "ఎంతుంది?" అన్నారు. "65 ఉంది సార్. ఇది ఆర్-22, ఈ లెక్కన లోపల మూడు నాలుగు డిగ్రీల దగ్గర మరుగుతున్నట్టు." సారు ఆ ముల్లునే చూస్తూ ఉండిపోయి, "కార్నో సైకిల్ ఇరవై ఏళ్లుగా చెబుతున్నానోయ్, ఈ ముల్లు చూడటం ఇదే మొదలు" అని నవ్వారు. అమ్మగారు ఇద్దరికీ మజ్జిగ తెచ్చారు.

కాలేజీ తెరిచాక సారు ఆ గేజి సెట్టూ, కోసిన కంప్రెసరూ క్లాసుకి తెమ్మన్నారు. మేస్త్రిగారిని కూడా రమ్మన్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దాకా వచ్చి, సామాను నా చేతికిచ్చి, "నాకెందుకులేరా, నువ్వే చెప్పు" అని అక్కడే టీ బడ్డీ దగ్గర ఉండిపోయారు. ఎంత చెప్పినా వినలేదు. చొక్కా చేతులు మడుచుకుని చెప్పాను. రూమ్మేటు మొదటి బెంచీలోనే ఉన్నాడు. నా చేతి వంక చూశాడు, ఏమీ అడగలేదు.

క్లాసయ్యాక సామాను తిరిగివ్వడానికి బడ్డీ దగ్గరికి వెళ్లాను. ఎలా చెప్పావని గానీ, పిల్లలేమన్నారని గానీ మేస్త్రిగారు అడగలేదు.

"ముందు లేబుల్ చదివించావా వాళ్లచేత?" అన్నారు.

చదివించలేదు. మరిచిపోయాను.