వాల్వు వేడెక్కేదాకా

రాత్రి పదిన్నర దాటాక నా పాటల వేళ మొదలవుతుంది. అప్పటికి పిల్లలు పడుకుంటారు, పై వాటా వాళ్ల టీవీ ఆగుతుంది. బల్ల మీదున్న యాంప్లిఫయర్ స్విచ్ వేస్తాను. చడీచప్పుడూ ఉండదు. గాజు గొట్టం లోపల కాంతి మొదట నివురు కింది నిప్పులా కనబడి, మెల్లగా నారింజ రంగుకి తిరుగుతుంది. నిమిషం ఆగి హెడ్‌ఫోన్ పిన్ను గుచ్చుతాను. వెనకటి వాల్వు రేడియో కూడా ఇంతే, మీట తిప్పాక గొంతు విప్పడానికి కాస్త వ్యవధి తీసుకునేది.

ఆ గాజు గొట్టాన్ని ఇప్పుడు అందరూ ట్యూబ్ అంటున్నారు గానీ, మన రేడియో మెకానిక్కులకి అది ఎప్పుడూ వాల్వే. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఒకప్పుడు మన రేడియోలకి వాటిని తయారుచేసేవారు. ఇప్పుడు కొత్తవి రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి వస్తున్నాయి.

ట్రాన్సిస్టర్ వచ్చి ఇన్నేళ్లయినా ఇదెందుకు అని మిత్రులు అడుగుతుంటారు. కొలతల్లో మంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయరే గెలుస్తుంది, అందులో సందేహం లేదు. వాల్వు తనవంతుగా శబ్దానికి కొంచెం కలుపుతుంది. ఆ కలిపేది ఏమిటన్నదే అసలు సంగతి. మామూలు సింగిల్ ఎండెడ్ వాల్వు సర్క్యూట్ ఎక్కువగా కలిపేది రెండో హార్మోనిక్. సంగీతం నేర్చుకున్నవాళ్ల మాటల్లో చెప్పాలంటే, మధ్యస్థాయి షడ్జమం మోగుతుంటే దాని మీద లీలగా తారస్థాయి షడ్జమం పలికినట్టు. అపస్వరం కాదు, అదే స్వరానికి పై మెట్టు. తంబురా తీగ మీటినా ఇలాంటి పై స్వరాలే దాన్ని నిండుగా వినిపిస్తాయి. అందుకే గాత్రం, వయొలిన్, వీణ ఈ యాంప్లిఫయర్‌లో ఒంటికి దగ్గరగా వచ్చినట్టుంటాయి. గంటన్నర విన్నా నా చెవి అలసిపోదు.

అయితే ఈ సుఖం అన్ని హెడ్‌ఫోన్లకీ దక్కదు. అది నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా వాల్వు నుంచే హెడ్‌ఫోన్‌ని నడిపే రకాన్ని ఓటీఎల్ అంటారు. నేను మొదట కొన్నది అదే. దానికి తగిలించినది 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్. మృదంగం తొప్పి వైపు నాదం దుప్పటి కప్పి కొట్టినట్టు వచ్చింది, చాపు ఎక్కడుందో తెలియలేదు. కొట్టువాడు "వాల్వు అరగాలండీ, వంద గంటలు పోనివ్వండి" అన్నాడు. పోనిచ్చాను. ఏమీ మారలేదు. తప్పు వాల్వుది కాదు, జోడీది. ఇలాంటి యాంప్లిఫయర్ లోపలి నిరోధమే, అంటే అవుట్‌పుట్ ఇంపీడెన్సే, వంద ఓమ్‌ల దాకా ఉండవచ్చు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి చేరవలసిన బలంలో చాలా భాగం అక్కడే ఖర్చయిపోతుంది, డయాఫ్రమ్ మీద అదుపూ తప్పుతుంది. అదే యాంప్లిఫయర్‌కి సెన్‌హైజర్ హెచ్‌డి 600 తగిలిస్తే వేరే పెట్టె తెచ్చినట్టయింది. దాని ఇంపీడెన్స్ 300 ఓమ్‌లు. హెడ్‌ఫోన్ ఓమ్‌లు యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్‌కి ఎనిమిది రెట్లుండాలని ఒక లెక్క చెబుతారు. ఓటీఎల్‌తో అంత కుదరదు గానీ, 300 దగ్గర చెవికి బాగానే ఉంటుంది. తక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్ ఉన్నవారు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదో, ముందు వాల్వూ వెనక ట్రాన్సిస్టరూ కలిసిన హైబ్రిడో తీసుకోవాలి.

హైబ్రిడ్ అంటే చిన్నచూపు అక్కర్లేదు. కానీ చవక పెట్టెల్లో ఒక మోసం ఉంది. వాల్వు అడుగున నారింజ రంగు ఎల్‌ఈడీ బుడ్డి పెట్టి, పనంతా చిప్ చేత చేయిస్తారు. స్విచ్ వేసిన క్షణంలోనే గాజంతా ధగధగలాడిందంటే ఆ వెలుగు వాల్వుది కాదు. అలాంటిది కొనకండి.

అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకునేవాళ్లు మనలో చాలామంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 సైకిళ్లు. మనది 230, 50. వెనక వోల్టేజి మార్చే స్విచ్ లేని పెట్టెని నేరుగా ప్లగ్గులో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. 120కి దించే కన్వర్టర్ పెట్టినా 50 సైకిళ్ల దగ్గర కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లు వేడెక్కి గుర్రుమంటాయి. ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో కూడా చూపించుకోండి. లోపల వందల వోల్టులు ఉంటాయి, స్విచ్ ఆపినా కండెన్సర్లలో కొంతసేపు నిలిచే ఉంటాయి. మూత తీసే పని తెలిసినవాళ్లదే. కరెంటు పోయి పాత రకం ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు బుర్రుమనే శబ్దం వస్తే యాంప్లిఫయర్‌ని తిట్టకండి, ఆ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటే గరుకు.

కొట్లో పాట పెట్టేముందు చేసే పరీక్షలు నాకు తెలిసినంతలో రెండే రెండు. పాట పెట్టకుండా, మీరు రోజూ వినే స్థాయికి వాల్యూమ్ తిప్పి వినండి. ఝుమ్మని మోగితే అక్కడే వదిలేయండి. రెండోది, వాల్వు మీద పెన్సిల్ చివరతో మెల్లగా తట్టండి. చెవిలో గంటలా చాలాసేపు మోగిందంటే ఆ వాల్వుని మార్చమనండి. తర్వాత మీకు కంఠతా వచ్చిన పాట పెట్టండి. నేను 'మల్లీశ్వరి' పెడతాను. ఆ సినిమా 1951 లోది. అప్పటి రికార్డింగు గదిలో, సినిమా హాల్లో, ఇంటి రేడియోలో అన్నీ వాల్వులే. భానుమతి గొంతు గమకం చివర సన్నబడేచోట ఊపిరి వినిపించాలి. సాలూరి రాజేశ్వరరావు గారి పాట వెనక వాద్యాలు గొంతుకి అడ్డుపడకుండా, విడివిడిగా తెలియాలి. ఆ రెండూ కుదిరిన పెట్టె దగ్గర నేనింక ధర తప్ప ఏమీ అడగను.

కొన్న తర్వాత వాల్వుల మార్పిడి మోజులో పడకండి. 12ఏయూ7 అనే వాల్వు ఒకటి తీసి అదే రకం పాతకాలపుది పెడితే కొద్ది తేడా వినిపించవచ్చు. కానీ హెడ్‌ఫోన్ మారిస్తే వచ్చే తేడా ముందు అది ఎంతో చిన్నది. ఆ డబ్బుతో మంచి రికార్డింగులు కొనుక్కోండి. యాంప్లిఫయర్‌ని మూసిన అలమారాలో కాక గాలి ఆడేచోట పెట్టండి. వేసవిలో గది వేడికి వాల్వుల వేడి తోడవుతుంది. పిల్లల చెయ్యి అందనివ్వకండి, గాజు కాలుతుంది.

ముందు మీ హెడ్‌ఫోన్ ఎన్ని ఓమ్‌లదో చూసుకోండి. కొట్టుకి వెళ్లేటప్పుడు దాన్నే చేత పట్టుకెళ్లండి.