తుఫాను కబురు రాకముందే సర్దుకోవాల్సినవి



దీపావళి అటూ ఇటూగా మన డెల్టాలో వరి గింజ పోసుకుంటది. బంగాళాఖాతంలో తుఫాన్లు లేచేదీ అప్పుడే. "టీవీలో పదిసార్లు చెప్తారు, తొమ్మిదిసార్లు పక్కకి పోద్ది" అంటుంటారు మనోళ్లు. నిజమే. కానీ ఆ పదోదే 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెన. అప్పుడు నాకు ఏడేళ్లు. మా నాన్న మేనత్త వాళ్ల ఊరెళ్లి చూసొచ్చి చెప్పిన మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది: "కట్టుకొయ్యకున్న గొడ్లు కట్టుకొయ్య దగ్గరే పోయాయిరా."

2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందురోజు మా అమ్మ "గేదెని వదిలి నేను రాను" అని గుమ్మంలో కూర్చుంది. ఎంత బతిమాలినా లేవలా. చివరికి మా తమ్ముడు గేదెని, దూడని మెరక మీదున్న బంధువుల చావిట్లోకి తోలుకెళ్లాడు. అరగంటకి అమ్మే నడిచొచ్చింది. అందుకే చెప్తున్నా, ముందు గొడ్లకి చోటు చూడండి, పెద్దోళ్లు వాటి వెనకే వస్తారు. తోలుకెళ్లే వీలు లేకపోతే పలుపులు విప్పేయండి. ఎలాగో ఈదుకుని బతుకుతాయి.

మా ఇంట్లో ఇప్పుడు ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం, కౌలు కార్డు కవర్లో చుట్టి అందులో పెట్టాం. అమ్మ బీపీ మాత్రలు పదిరోజులవి, టార్చి, అగ్గిపెట్టె, కొంచెం చిల్లర డబ్బులు కూడా. కరెంటు పోతే ఫోన్‌పే పనిచెయ్యదు కదా. అటుకులు, బెల్లం, రెండు క్యాన్ల నీళ్లు అటక మీద. వరద తగ్గాక కూడా బోరునీళ్లు కాచే తాగాలి.

చేలో మురుగు బోదెలు ముందే తీసి ఉంచండి. మోటారు స్టార్టరు ఆపేయండి. కోసిన పనలుంటే కుప్పేసి బరకం కప్పి తాళ్లు బిగించండి. చేను పడిపోయి తడిస్తే నీళ్లు తీసేసి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద కొట్టండి, గింజ మొలకెత్తదు. బీమా ఉన్నోళ్లు పంట పోతే 72 గంటల్లోపే చెప్పాలి. ఫోటోలు తీసిపెట్టుకోండి.

ఇంకొక్క మాట. హోరుగాలి ఉన్నట్టుండి ఆగితే అయిపోయిందనుకుని బయటికి రావద్దు. అది తుఫాను కన్ను. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడద్ది. తెల్లారాక తెగిపడ్డ తీగల జోలికి పోవద్దు, గడ్డివాములో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి, పాములు చేరతాయి. సాయానికి 112, జిల్లా కంట్రోల్ రూముకి 1077. గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకోండి.

ఇది ఇంట్లో ఆడోళ్లకి, పిల్లలకి కూడా చదివి వినిపించండి. డబ్బా ఎక్కడుందో మనకొక్కళ్లకే తెలిస్తే, మనం చేలో ఉన్నప్పుడు ఎవరు తీస్తారు?